సోషల్ మీడియా టూల్స్: ఎప్పటిదాకా ఫ్రీ, ఎప్పటినుంచి పెయిడ్

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది రోజూ రెండు మూడు పేజీలు నడిపేవాళ్లే. కొందరు సొంత వ్యాపారం కోసం, కొందరు ఉద్యోగంలో భాగంగా, ఇంకొందరు ఏదో సేవా సంఘం తరఫున జీతం భత్యం లేకుండా. అందరూ అడిగే ప్రశ్న ఒకటే: పోస్టులు షెడ్యూల్ చేసుకునే టూల్‌కి ఫ్రీ ప్లాన్ సరిపోతుందా, డబ్బు కట్టాలా?

జవాబు ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత మాట్లాడుకుందాం. పోస్టులు వేయడం ఒక్కటే మీ పని అయితే డబ్బు కట్టొద్దు. ఒకే ఖాతాను ఇద్దరు ముగ్గురు చూసుకోవడం మొదలై, వచ్చిన మెసేజ్‌ల్లో కొన్ని జవాబు లేకుండా ఉండిపోతున్నాయని మీకే అనిపించిన రోజున కట్టండి. నా దృష్టిలో చాలామందికి పెయిడ్ ప్లాన్‌లో నిజంగా కొనదగ్గ సరుకు ఒక్కటే, అందరూ కలిసి మెసేజ్‌లు చూసుకునే ఉమ్మడి ఇన్‌బాక్స్. మిగతా చాలా ఫీచర్లు ఉంటే ఉన్నాయి, లేకపోతే లేదు.

ముందు, ఏమీ కొనకుండానే మన చేతిలో ఏమున్నాయో చూద్దాం. ఎందుకంటే చాలామంది ఇవి వాడి చూడకుండానే టూల్స్ వెతుకుతారు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లకు వాటి సొంత కంపెనీ మెటా ఇచ్చే మెటా బిజినెస్ సూట్ ఉంది. 2020లో ఫేస్‌బుక్ బిజినెస్ సూట్ పేరుతో వచ్చింది. రెండింటికీ కలిపి ఒకే క్యాలెండర్, ఒకే ఇన్‌బాక్స్, పైసా ఖర్చు లేదు. ఇన్‌స్టాగ్రామ్ యాప్‌లోనే ప్రొఫెషనల్ ఖాతాలకు 2022 నవంబర్‌లో షెడ్యూలింగ్ ఇచ్చారు, 75 రోజుల ముందే పోస్టు పెట్టి ఉంచొచ్చు. యూట్యూబ్ స్టూడియోలో వీడియో ఎక్కించి తేదీ, సమయం పెట్టేస్తే ఆ వేళకు అదే పబ్లిక్ అవుతుంది. లింక్డ్‌ఇన్‌లో పోస్టు రాసే పెట్టెలోనే గడియారం గుర్తు కనిపిస్తుంది. ఎక్స్‌కి కూడా, అది ట్విట్టర్‌గా ఉన్న 2020లోనే, వెబ్‌లో షెడ్యూలింగ్ వచ్చింది. ఒకటి రెండు ప్లాట్‌ఫామ్‌ల్లో మాత్రమే ఉండేవాళ్లకు బయటి టూల్, అంటే వేరే కంపెనీ చేసింది, అవసరమే లేదు, ఫ్రీది కూడా.

మూడు చోట్ల ఉన్నవాళ్ల సంగతి వేరు. ఒకే ప్రకటనను మూడు స్క్రీన్లలో మూడుసార్లు పెట్టాలి. ఒకచోట తేదీ తప్పు పడితే దాన్ని దిద్దడానికి మళ్లీ అక్కడికే వెళ్లాలి. ఇలాంటివాళ్లకు బయటి టూల్ ఫ్రీ ప్లాన్ చక్కగా పనికొస్తుంది. ఉదాహరణకు బఫర్ తీసుకోండి. దాని ఫ్రీ ప్లాన్‌లో మూడు ఛానెళ్లు, అంటే మూడు ఖాతాలు, కలుపుకోవచ్చు, ఒక్కో ఛానెల్‌కి ఒకేసారి 10 పోస్టులు క్యూలో, అంటే వెళ్లాల్సిన వరుసలో, ఉంచొచ్చు. పది అనగానే తక్కువనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. వారానికి నాలుగు పోస్టులు వేసేవాళ్లకు పది పోస్టులంటే రెండున్నర వారాల పని. ఒకటి వెళ్లగానే ఒక చోటు ఖాళీ అవుతుంది, ఇంకొకటి పెట్టుకోవచ్చు. నెలకు పదే అని లెక్క కాదు, ఏ క్షణంలోనైనా క్యూలో పదికి మించకూడదని. ఈ తేడా గమనించకుండా పెయిడ్‌కి వెళ్లినవాళ్లు నాకు చాలామంది తెలుసు. ప్లాన్ల పేజీలో అంకె చూసినప్పుడల్లా అది నెల మొత్తానికా, ఒకేసారి క్యూలో ఉండేదానికా అని ఒకటికి రెండుసార్లు చదవండి.

రోజుకు మూడు నాలుగు పోస్టులు వేసే వార్తా పేజీలకు మాత్రం పది చాలదు. మూడు రోజులకొకసారి క్యూ నింపుతూ కూర్చోవాలి. వాళ్లు డబ్బు కట్టడం న్యాయమే.

ఫ్రీ ప్లాన్ గురించి తెలిసి ఉండాల్సిన రెండో విషయం, అది ఎప్పటికీ అలాగే ఉండదు. హూట్‌సూట్ ఈ రంగంలో పాత కాపు, 2008లో మొదలైంది. దాని ఫ్రీ ప్లాన్‌లో ఒకప్పుడు మూడు ఖాతాలు, 30 షెడ్యూల్ పోస్టులు ఉండేవి. తర్వాత అది రెండు ఖాతాలు, ఐదు పోస్టులకు కుదించుకుపోయింది. 2023 మార్చి నెలాఖరుతో ఫ్రీ ప్లానే తీసేశారు. ట్విట్టర్ ఖాతాలను ఒకే తెర మీద చూసుకునే ట్వీట్‌డెక్ సంగతీ అంతే. ఏళ్ల తరబడి జర్నలిస్టులు, సంస్థలు ఉచితంగా వాడుకున్న దాన్ని 2023 ఆగస్టులో ఎక్స్ ప్రో అని పేరు మార్చి, డబ్బు కట్టినవాళ్లకే పరిమితం చేశారు. అదే ఏడాది ట్విట్టర్ తన ఏపీఐకి, అంటే బయటి సాఫ్ట్‌వేర్లు తనతో మాట్లాడే దారికి, రుసుము పెట్టింది. చిన్న డెవలపర్ల కోసం పెట్టిన బేసిక్ ప్లానే అప్పట్లో నెలకు 100 డాలర్లు. ఆ భారం మోయలేక ఎన్నో చిన్న టూల్స్ మూతపడ్డాయి, కొన్ని ట్విట్టర్‌ని వదిలేశాయి, కొన్ని దాన్ని ఫ్రీ ప్లాన్ నుంచి పెయిడ్‌కి జరిపాయి.

మరి డబ్బు కడితే ఈ గొడవ ఉండదా అంటే, ఉంటుంది. మనం టూల్ కంపెనీకి డబ్బు కడతాం, ఆ కంపెనీ మాత్రం ఫేస్‌బుక్‌నో ఎక్స్‌నో నమ్ముకుని బతుకుతుంది. అద్దె ఇంట్లో ఒక గదిని మళ్లీ అద్దెకు తీసుకున్నట్టు అన్నమాట, అసలు యజమాని తాళం మారిస్తే ఇద్దరూ బయటే. 2018 ఆగస్టు 1 నుంచి ఫేస్‌బుక్ వ్యక్తిగత ప్రొఫైల్స్‌లోకి బయటి టూల్స్ పోస్టు చేయకుండా ఆపేసింది. 2024 ఏప్రిల్‌లో గ్రూపుల ఏపీఐ కూడా ఎత్తేసింది. గ్రూపుల్లో పోస్టులు వేయడానికే టూల్‌కి డబ్బు కట్టినవాళ్లు ఆ రోజు నుంచి మళ్లీ చేత్తో వేసుకోవాల్సి వచ్చింది. పెద్ద ప్లాన్ కట్టినవాళ్లకూ, చిన్న ప్లాన్ కట్టినవాళ్లకూ అదే పరిస్థితి.

అందుకే, ఏడాదికి ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తామని స్క్రీన్ మీద పెద్ద అక్షరాలతో కనిపించినా, మొదటి ఏడాది నెలనెలా కట్టడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. ఆ కాస్త ఎక్కువ ధర, ఎప్పుడంటే అప్పుడు బయటికి రాగలిగే స్వేచ్ఛకు కడుతున్నామనుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మనుషుల సంగతి.

ఒక సంస్థ పేజీకి ఒకావిడ మెసేజ్ పెట్టింది అనుకుందాం. "నేను డబ్బు కట్టి పది రోజులైంది, రసీదు రాలేదు" అని. పేజీని ముగ్గురు చూస్తున్నారు. మొదటి అతను ఫోన్‌లో నోటిఫికేషన్ చూశాడు, తెరిచాడు, లెక్కలు చూసే ఆమెను అడిగి చెబుదాంలే అనుకుని మూసేశాడు. అతను తెరవగానే ఆ మెసేజ్ చదివేసినట్టు మారిపోయింది. మిగతా ఇద్దరికి అది కొత్త మెసేజ్‌లా కనిపించదు. సాయంత్రం రెండో ఆమె ఇన్‌బాక్స్ తెరిచి, కొత్తవేమీ లేవని మూసేసింది. నాలుగో రోజు ఆవిడ అదే మాట పబ్లిక్ కామెంట్‌లో రాసింది, ఈసారి కోపంగా. అప్పుడు ఇద్దరు ఒకేసారి కంగారుపడి జవాబిచ్చారు. ఒకరు "రెండు రోజుల్లో పంపిస్తాం" అన్నారు, ఇంకొకరు "ఇప్పటికే పంపించాం, స్పామ్‌లో చూడండి" అన్నారు. ఒకే పేజీ, ఒకే పేరు, రెండు జవాబులు. ఆ ముగ్గురిలో బద్ధకస్తులు ఎవరూ లేరు. ఎవరికి వారే ఇంకొకరు చూసుకుంటారనుకున్నారు.

పెయిడ్ ప్లాన్‌లో ఉండే ఉమ్మడి ఇన్‌బాక్స్ పనికొచ్చేది ఇక్కడే. మెసేజ్ రాగానే దాన్ని ఒకరి పేరు మీద వేయొచ్చు. పక్కన లోపలి నోట్ రాసుకోవచ్చు, అది ఆవిడకు కనిపించదు. చాలా టూల్స్‌లో ఒకరు జవాబు టైప్ చేస్తుంటే ఆ సంగతి రెండోవాళ్లకు స్క్రీన్ మీద కనిపిస్తుంది. పని అయ్యాక ముగిసినట్టు గుర్తు పెడితేనే ఆ వరుసలోంచి పోతుంది. ఇదంతా చూడ్డానికి చిన్న విషయమే. కానీ అవతల ఒక మనిషి మన జవాబు కోసం ఎదురుచూస్తోంది. మన పేజీ ఎంత అందంగా ఉందో ఆమెకు అనవసరం, తన రసీదు ఏమైందో కావాలి. నేను ఇవాళ ఇంతసేపు మాట్లాడేది ఆమె కోసమే.

అయితే డబ్బు కట్టే ముందు ఇంకో మెట్టు ఉంది. చాలాచోట్ల ముగ్గురు కలిసి పనిచేయడమంటే పాస్‌వర్డ్‌ను గ్రూపులో పెట్టేయడమే. దయచేసి ఆ పని చేయకండి. ఫేస్‌బుక్ పేజీకి ఎవరికి ఎంత అధికారం ఇవ్వాలో మెటా బిజినెస్ సూట్‌లో ఉచితంగా నిర్ణయించొచ్చు. ఒకరికి మెసేజ్‌లు మాత్రమే, ఇంకొకరికి పోస్టులు కూడా, అలా. యూట్యూబ్ స్టూడియోలో పర్మిషన్స్ ఉన్నాయి, లింక్డ్‌ఇన్ పేజీకి వేర్వేరు స్థాయుల అడ్మిన్లు ఉన్నారు. ఎవరి లాగిన్‌తో వాళ్లు వస్తారు, సంస్థ వదిలి వెళ్లిన రోజున వాళ్ల పేరు ఒక్కటి తీసేస్తే సరిపోతుంది. ఇది ముందు సరిచేసుకోండి. చిన్న బృందాలకు చాలాసార్లు దీంతోనే సగం టెన్షన్ తీరిపోతుంది, పెయిడ్ ప్లాన్ మాటే రాదు.

అప్రూవల్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. కొత్తగా చేరిన అమ్మాయి పోస్టు రాస్తుంది, సీనియర్ చూసి సరే అన్నాకే వెళ్లాలి. ఇది చాలా టూల్స్‌లో పెయిడ్ ఫీచర్, కొన్నింట్లో పై ప్లాన్లలోనే దొరుకుతుంది. ఇద్దరు ఒకే గదిలో కూర్చుని పనిచేస్తుంటే ఇది కొనక్కర్లేదు, డ్రాఫ్ట్‌లో పెట్టి "ఒకసారి చూడండి" అంటే చాలు. వైద్యం, చట్టం, డబ్బు లాంటి విషయాల మీద రాసే పేజీలకు, పొరపాటు మాట వెళ్తే ఎవరికైనా నష్టం కలిగేచోట, తప్పకుండా కొనండి. ఎవరు రాశారు, ఎవరు ఒప్పుకున్నారు అన్నది రికార్డులో ఉండాలి.

ఇంకొకటి, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. వారం రోజులకు సరదా పోస్టులు షెడ్యూల్ చేసి పెట్టారు. అర్ధరాత్రి ఎక్కడో పెద్ద ప్రమాదం జరిగింది, జనం ప్రాణాలు పోయాయి. తెల్లారేసరికి మీ పేజీలో నవ్వుల బొమ్మ. మీకు ఆ ఉద్దేశం లేదు, టూల్ తన పని తాను చేసింది. కానీ చూసేవాళ్ల మనసు కష్టపడుతుంది. అలాంటప్పుడు అన్ని ఖాతాలనూ ఒకేచోట ఆపగలగడం పెద్ద ఊరట. నాలుగు ప్లాట్‌ఫామ్‌ల సొంత షెడ్యూలర్లు వాడుతుంటే నాలుగు చోట్లకూ వెళ్లి ఒక్కొక్క పోస్టు వెతికి ఆపాలి. మీరు చూసే టూల్‌లో క్యూ మొత్తాన్ని ఆపే బటన్ ఏ ప్లాన్‌లో ఉందో, ఫోన్ యాప్‌లో కూడా ఉందో లేదో కనుక్కోండి. ప్రమాదాలు ఆఫీసు వేళల్లోనే జరగవు కదా.

రిపోర్టుల విషయానికొస్తే, ఇక్కడ ఖర్చు ఎక్కువ, ప్రయోజనం తక్కువ. ప్లాట్‌ఫామ్‌ల సొంత ఇన్‌సైట్స్‌లో మీకు కావలసిన అంకెలు దాదాపు అన్నీ ఉంటాయి. నెలకొకసారి ఒక స్ప్రెడ్‌షీట్‌లో చేత్తో రాసుకుంటే గంటలోపు పని. పైగా చేత్తో రాసేటప్పుడు అంకెల మీద మనసు నిలుస్తుంది. రంగురంగుల పీడీఎఫ్ దానంతటదే మెయిల్‌కి వస్తే చాలామంది తెరిచి కూడా చూడరు. ఖాతాదారులకు నెలనెలా రిపోర్టు ఇవ్వాల్సిన ఏజెన్సీలకు మాత్రం అది కావాలి. ఒక్క జాగ్రత్త చెబుతాను. ఇన్‌స్టాగ్రామ్ స్టోరీల అంకెలు బయటి టూల్స్‌కి 24 గంటల వరకే అందుతాయి. టూల్‌ని కలిపేసరికే ఆ గడువు దాటిన స్టోరీల లెక్క దానికి ఎప్పటికీ దొరకదు. కాబట్టి స్టోరీలే మీ ప్రాణమైతే ఆ రిపోర్టు కోసం పండగ సీజన్ ముందే కలపండి, అయిపోయాక కలిపితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

ఏఐ క్యాప్షన్లు, పోస్టు వేయడానికి మంచి సమయం చెప్పే ఫీచర్లు, వీటి కోసం ప్లాన్ మార్చకండి. ఫాలోవర్లు కొన్ని వందల్లోనే ఉన్నప్పుడు ఏ వేళ మంచిదో చెప్పడానికి ఆ టూల్ దగ్గర తగినంత సమాచారమే ఉండదు.

ధర ఎలా లెక్క కడుతున్నారో చూడండి, మొదటి పేజీలో కనిపించే అంకెను కాదు. బఫర్ లాంటివి ఛానెల్ లెక్కన తీసుకుంటాయి. స్ప్రౌట్ సోషల్ లాంటివి మనిషి లెక్కన తీసుకుంటాయి. ఇద్దరు మనుషులు, ఎనిమిది ఖాతాలు ఉన్న బృందానికి మనిషి లెక్క చవక కావొచ్చు. ఆరుగురు మనుషులు, రెండు ఖాతాలు ఉంటే ఛానెల్ లెక్క మేలు. మీ దగ్గర పెరిగేది ఏది అన్నది అసలు ప్రశ్న. ప్రతి కొత్త శాఖకూ కొత్త ఇన్‌స్టాగ్రామ్ ఖాతా తెరిచే సంస్థ ఛానెల్ లెక్కలో చేరితే ఏడాది తిరిగేసరికి బిల్లు తడిసి మోపెడవుతుంది. వచ్చే ఏడాదికి ఎంతమంది, ఎన్ని ఖాతాలు ఉంటాయో ఊహించి, ఆ అంకెతో గుణించి చూడండి.

ట్రయల్ ఇస్తారు కదా, దాన్ని ఊరికే ఖర్చు చేయకండి. పని తక్కువగా ఉన్న వారంలో ట్రయల్ మొదలుపెడితే అన్ని టూల్సూ బాగానే కనిపిస్తాయి. మీకు ఊపిరాడని వారం ఏదో అప్పుడు మొదలుపెట్టండి. కావాలని ఒక ఖాతా కనెక్షన్ తెంచి చూడండి. ఇది ఎందుకంటే, ఫేస్‌బుక్, లింక్డ్‌ఇన్ లాంటివి టూల్స్‌కి ఇచ్చే అనుమతులకు గడువు ఉంటుంది, చాలాసార్లు 60 రోజులు. పాస్‌వర్డ్ మార్చినా ఆ అనుమతి పోవచ్చు. అప్పుడు షెడ్యూల్ చేసిన పోస్టు వెళ్లదు. మంచి టూల్ వెంటనే మెయిల్ పంపి, ఫోన్‌లో కూడా చెబుతుంది. సరిగ్గా లేని టూల్ డ్యాష్‌బోర్డ్‌లో ఒక మూల ఎర్ర చుక్క పెట్టి ఊరుకుంటుంది. మీరు ఆ రోజు డ్యాష్‌బోర్డ్ తెరవకపోతే పోస్టు వెళ్లలేదని తెలియనే తెలియదు. ఈ ఒక్క పరీక్షలో ఫెయిలైన పెయిడ్ టూల్ కంటే, పాసైన ఫ్రీ టూల్ వెయ్యి రెట్లు నయం. ట్రయల్‌లోనే ఒక ప్రశ్నతో సపోర్ట్‌కి మెయిల్ కూడా పెట్టండి. జవాబు ఎన్ని గంటలకు వచ్చింది, అడిగినదానికే జవాబు ఇచ్చారా లేక ఏదో లింక్ పంపి వదిలేశారా అన్నది చూసుకోండి.

ఇక మీ ప్రశ్నలు. ముందు వరుసలో ఉన్న అమ్మ అడుగుతున్నారు, ఫ్రీ టూల్‌కి ఖాతా అప్పగిస్తే భద్రమేనా అని. మంచి ప్రశ్నమ్మా. పేరున్న టూల్స్ ఏవీ మీ పాస్‌వర్డ్ అడగవు. ఫేస్‌బుక్ సొంత పేజీకే తీసుకెళ్లి, ఈ టూల్‌కి ఇవి చేయడానికి అనుమతి ఇస్తారా అని అడిగిస్తాయి. టూల్ తన పేజీలోనే మీ ఇన్‌స్టాగ్రామ్ పాస్‌వర్డ్ టైప్ చేయమంటే వెంటనే బయటికి వచ్చేయండి. అలాగని అనుమతి పద్ధతిలో ప్రమాదం అసలే లేదనుకోకండి. 2013 అక్టోబర్‌లో బఫర్‌లోకి హ్యాకర్లు చొరబడి, దాన్ని వాడేవాళ్ల ఖాతాల నుంచి స్పామ్ పోస్టులు పంపించారు. అందులో పెయిడ్, ఫ్రీ తేడా ఏమీ లేదు. మీరు వాడటం మానేసిన టూల్స్ ఇంకా మీ ఖాతాకు కలిసే ఉన్నాయేమో, ప్రతి ప్లాట్‌ఫామ్ సెట్టింగ్స్‌లో కలిపిన యాప్‌ల జాబితా తెరిచి చూసి, పాతవి తీసేయండి.

వెనక ఉన్న బాబు అడిగింది, పెయిడ్ తీసుకుని వద్దనుకుంటే మళ్లీ ఫ్రీకి రావొచ్చా అని. చాలా టూల్స్‌లో రావొచ్చు, కానీ వచ్చేటప్పుడు పోయేవి కొన్ని ఉంటాయి. ఫ్రీ పరిమితికి మించిన ఖాతాల కనెక్షన్ ఆగిపోతుంది, వాటి క్యూలో ఉన్న పోస్టులు వెళ్లవు. పాత రిపోర్టులు కనిపించకపోవచ్చు. ఇన్‌బాక్స్‌లో మీవాళ్లు రాసుకున్న లోపలి నోట్స్ కూడా అంతే. అందుకని బిల్లు తేదీకి వారం ముందు కూర్చోండి. రిపోర్టులు డౌన్‌లోడ్ చేసుకోండి, క్యూలో మిగిలిన పోస్టుల రాతలు, బొమ్మలు ఒక ఫోల్డర్‌లోకి తీసుకోండి, జవాబు ఇవ్వాల్సిన మెసేజ్‌లు ఎవరెవరి పేరు మీద ఉన్నాయో రాసిపెట్టుకుని వాళ్లకు పంచండి. అవన్నీ అయ్యాకే రద్దు బటన్ నొక్కండి, ఆటో రెన్యూవల్ ఆగిందని మెయిల్ వచ్చేదాకా ఆ ట్యాబ్ మూయకండి.